ఉప్పు పండని నెల

మా రవణమ్మకి లెక్కలన్నీ బస్తాల్లో వస్తాయి.
ఒంగోలు కర్నూలు రోడ్డులో, మందులషాపు మేడమీద,
టూరు ప్యాకేజీలమ్మే మస్తాన్‌వలి
ఇద్దరికీ కలిపి నాలుగు లక్షల అరవై వేలనగానే
ఫ్యాను వంక చూసి, పెదాలు కదిపి
"రెండువేల మూడొందల బస్తాలు" అంది.
ఆయన సామాననుకున్నాడు.
"మనిషికి ఇరవైమూడు కిలోలేనమ్మా" అన్నాడు.

ఇదంతా నావల్లే.
కనపర్తి కయ్యల్లో ఉప్పుకుప్పలకి కాపలా పడుకుని
ఫోన్లో క్రికెట్టు చూస్తున్నా ఆ రాత్రి.
ఆట బార్బడోసులో. మనకి తెల్లారగట్ల మూడు దాటింది.
టీ తెచ్చిన మనిషి నా భుజంమీదుగా తొంగిచూసి
అట్టాగే నిలబడిపోయింది.
స్టేడియం పైకప్పు మీదుగా కెమెరా లేచింది.
సముద్రంలోకి పొద్దు దిగుతోంది.
"అదేందయ్యా, తిరగబడింది?"

నలభైయేడేళ్ళ మనిషి.
సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టింది.
దాన్నే మడికట్టి, ఎండబెట్టి, పారకెత్తి, అమ్మి బతికింది.
మా సముద్రం పొద్దుని కంటుంది, అంతే.
మింగడం మేమెప్పుడూ చూళ్ళా.
మా పొద్దు పొగాకు బ్యారన్ల వెనక
చీమకుర్తి క్వారీల దుమ్ములో పడి పోతుంది.

మస్తాన్‌వలి మంచోడు.
మా చెప్పులకంటిన తెలుపు చూశాడేమో,
"పొద్దుగూకటమే కావాలంటే గోవా పోండమ్మా,
రైలు టిక్కెట్టుతో కలిపి పద్దెనిమిది వేలు" అన్నాడు.
తొంభై బస్తాలు. ఆ లెక్క ఆమె పైకి అనలేదు.
"నేను చూసింది అక్కడ" అంది.

అప్పుడాయన కంప్యూటర్ మావైపు తిప్పి
గొంతు తగ్గించాడు, పక్కషాపువాడు వింటాడన్నట్టు.
సెప్టెంబరు, అక్టోబరు. అక్కడ గాలివానల కాలం.
హోటళ్ళు ఖాళీ. రేటు సగానికి సగం.
మూడుపూటలా తిండి అందులోనే.
విమానం మారేచోట కాయితాల ఖర్చు మాత్రం మనది.
సముద్రం కనపడే గదికి ఇంకొంచెం.
"గదెందుకు," అంది రవణమ్మ, "కుర్చీ చాలు. పడమటి దిక్కుకి."
"తుఫాన్లంటే భయం లేకపోతే మరి..."

ఆమె నా వంక చూసింది. నేను ఆమె వంక చూశా.
నవ్వాపుకోబోతే దగ్గొచ్చింది నాకు.
పేరున్నవీ, పేరు పెట్టేలోపే తీరం దాటినవీ
అన్నీ మా ఇంటి రేకు మీద నడిచిపోయినయ్యే.
పైగా ఉప్పు పండని నెలలవి మాకు.
కయ్యల నిండా నీళ్ళు, చేతుల్లో ఏమీ ఉండదు.
ఆ ఖాళీ ఎవరికైనా కలిసొస్తుందని
మొదటిసారి వినడం.

రెండు లక్షల నలభై. పన్నెండొందల బస్తాలు.
ఏడాదికి మూడొందలు పక్కన పెడితే నాలుగేళ్ళు,
చీటీ కలిసొస్తే మూడు.
ఆధార్‌లో రమణమ్మ, రేషన్ కార్డులో రవనమ్మ,
ఆ ఇద్దర్నీ ఒక్క మనిషిని చేస్తేగాని పాస్‌పోర్టు రాదు.
దానికి ఆఫీసు చుట్టూ తిరగబోయే ఛార్జీలు కూడా
బస్సు టిక్కెట్టు వెనకాల రాసుకుంది.
బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వాసనేసినయ్.
తినలా. ఆ ఇరవై రూపాయలే మొదటి జమ.

మొన్న రాత్రి కాలంగాని కాలంలో మబ్బుపట్టింది.
తాటాకులు కప్పడానికి పరిగెత్తాం ఇద్దరం.
రెండు కుప్పలకి అందాయి.
మూడో కుప్ప పక్క, మేం చూస్తుండగానే
జారి, పలచబడి, కాలవలోకి పోయింది.
"పదిహేను బస్తాలు" అంది.
కాసేపాగి, "అక్కడా వానొస్తే ఏం చేద్దాం?"
"కూర్చుందాం."
"అంతేనా?"
"అంతే. అక్కడ కరిగేది మనదేం ఉండదుగా."

మిగిలిన తాటాకొకటి ఇద్దరి తలల మీదికీ లాగి
ఆ మాట ఇంకోసారి అనమంది.