దారం కొరికే పన్ను

వచ్చే మంగళవారం నీ వంతు గదా, కనకవల్లీ,
ఆ ఓవర్‌లాక్ మిషను కాసేపు ఆపు,
ఈ రొదలో చెప్పలేను.

నాది ఎలా పోయిందో నీకు తెలుసు.
ముప్ఫై రెండేళ్లు ఒకే పంటితో దారం తెంపాను,
పై వరుసలో, ముందుది, ఎడమ పక్క.
అంచున దారం పట్టేంత గాడి పడింది,
సూది బెజ్జంలో సగం ఉంటుంది.
చివరికి ఒకనాడు, దారానికి కాదు,
చూళై సందులో కొన్న వేరుశనగ ఉండకి
విరిగింది. వేరు దాకా.

పురసవాక్కంలో గడియారాల కొట్టు మీద
పద్దెనిమిది మెట్లు.
డాక్టరమ్మ యాళిని, నా కూతురికన్నా చిన్నది.
ఫిలిం వెలుతురుకి పెట్టి చూసి
"ఇంప్లాంట్ పణ్ణిడలామ్మా" అంది.
పన్ను పణ్ణడం! నవ్వొచ్చింది గానీ
కనబడుతుందని చెయ్యి అడ్డం పెట్టుకున్నా.
ఖర్చు విన్నాక చెయ్యి తనంతట తనే దిగింది.
ఇంటికి కట్టే పన్ను ఏడాదికి రెండుసార్లే,
నోటికి కట్టే పన్ను ఆరు వాయిదాలు.

మొదటి సూది నొప్పే. అబద్ధం చెప్పను.
మిషను సూది వేలిలోంచి దూసుకుపోయినా
అరవనిదాన్ని, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను.
తర్వాత పెదవి నాది కాదు,
ముక్కు కింద బక్రం ముక్క అతికించినట్టు.

ఎముకలో తొలుస్తారు. నొప్పి ఉండదు,
చప్పుడు ఉంటుంది, చెవిలో కాదు, తలలోపల,
మన మోటారు మీద గడ్డం ఆనించినట్టు.
ఆ మర చూపించమన్నాను.
బాబిన్ కేసుకి బిగించేదానికన్నా కాస్త పెద్దది.
"ఇంతేనా?" అన్నాను,
"ఇంఫేనా" అని వచ్చింది.

తర్వాత కుట్లు. మూడు.
ఇక్కడ మాత్రం ఆగలేక అద్దం తెమ్మన్నాను.
నల్లదారం, ముడులు పైకి,
తోకలు కొంచెం పొడుగ్గా వదిలింది.
నేనైతే ఇంకా దగ్గరగా వేద్దును.
ఆమె దారాన్ని కత్తెరతోనే తెంపింది,
అది గమనించాను.

ఇంటికొచ్చాక ఐసు ముక్క రుమాల్లో చుట్టి బయటినుంచి పెట్టు.
చల్లటి పెరుగన్నం, మెత్తగా పిసికి.
రెండో రోజు అద్దం చూసి భయపడకు,
బుగ్గ పఫ్ చెయ్యిలా లేస్తుంది.
ఉమ్మకు. స్ట్రా వద్దు, బోండం నీళ్లు గ్లాసులో పోయించుకో.
నాలుక మాత్రం నీ మాట వినదు,
రాత్రంతా అక్కడికే పోయి తడుముతుంది.
పదో రోజు కుట్లు విప్పారు. చురుక్కుమంది, అంతే.

ఆ పైన ఏమీ జరగదు.
నాలుగు నెలలు ఏమీ జరగదు.
అదే కష్టం.
తీసి పెట్టే ఉత్తుత్తి పన్ను ఒకటి ఇచ్చారు,
రాత్రి నీళ్ల గిన్నెలో
నేను లేకుండానే నవ్వుతూ ఉండేది.
ఎముక వచ్చి ఆ మరని పట్టుకోవాలట, తనంతట తాను.
దీపావళికి జనం నన్ను తరిమినట్టు
డాక్టరమ్మని తరిమాను.
నేను జనానికి చెప్పే మాటే నాకు చెప్పింది:
"రెడీ అయ్యాక ఫోన్ చేస్తాం."

వానలకి వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచి,
కరెంటు పోయి, మిషన్లన్నీ ఆగిన రాత్రి
చీకట్లో కూర్చుని అనుకున్నాను,
ఇప్పుడు కూడా లోపల పని జరుగుతోంది,
కూలి అడక్కుండా.

రంగు చూసే రోజు నన్ను తలుచుకుంటావు.
వరసగా గుచ్చిన పదహారు పళ్లు,
తెలుపు అని ఒకే రంగు లేదు, మన మ్యాచింగ్ సెంటర్లో లాగే.
"ట్యూబులైటు మోసం చేస్తుందమ్మా" అని
ఆమెనే కిటికీ దగ్గరికి లాక్కుపోయాను.
కాస్త పసుపు కలిసినదాన్ని, టీ తాగిన తెలుపుని ఏరాను.
చివర్లో నీలం కాగితం కొరకమంటారు,
మచ్చ పడ్డచోట అరగదీస్తారు. మన ట్రయలే.

గాడి కావాలని అడిగాను,
పాతదానికి ఉన్నట్టు, దారం పట్టేంత.
హాస్యమనుకుంది. తర్వాత నా వంక చూసి
"ఈ పంటితో దారం తెంపొద్దు" అంది.
సరే అన్నాను.

నిన్న గుండీ కుట్టి దారం నోటిదాకా తెచ్చాను.
అంచు నున్నగా ఉంది. జారింది.
కత్తెర ఎక్కడ పెట్టావే,
ఇందాకటినించి వెతుకుతున్నాను.