జీడి చేతులు

సోమవారం ప్రార్థన అవగానే గోళ్ళ తనిఖీ.
పరలోక జపం చివర ఆమెన్ అని
జోడించిన చేతులు విడదీసి
బోర్లా చాపాలి.
సిస్టర్ బెనీటా వరస వెంట వచ్చేది,
చేతిలో చెక్క స్కేలు,
నడుముకి వేలాడే జపమాల
అడుగడుక్కీ టిక్కుమంటూ.

మూడో తరగతి వరసలో కొసన నేను.
నా వేళ్ళ దగ్గర ఆగింది.
"తవిటమ్మా, ఇంట్లో సబ్బు లేదా?"
మలయాళం యాస తెలుగు.
నేనేం చెప్పలేదు.
రెండు దెబ్బలు. నొప్పి గుర్తు లేదు గానీ
పక్కనున్న లూసియా తెల్లటి గోళ్ళు
ఇప్పటికీ గుర్తే.

అది మురికి కాదు, జీడి.
కాశీబుగ్గలో మా వీధి వీధంతా
కాల్చిన పిక్కల్ని కర్రతో కొట్టి
పప్పు తీసే ఇళ్ళే.
తొక్కలో నూనె చర్మాన్ని తింటుంది.
కడిగితే పోదు, రాతికి రుద్దితే పోదు,
కొత్త చర్మం వస్తే పోతుంది.
అది వచ్చేలోగా
సాయంత్రం వచ్చేస్తుంది, ఇంకో బస్తాతో.
"బూడిద పావుకోయే గుంటా!"
పొయ్యిలోంచి గుప్పెడు తీసేది అమ్మ,
ముందు నా చేతులకి,
మిగిలితే తనకి.

లెక్కలొక్కటే నాకు భయం లేదు.
రెండొందల నలభై ఏ గింజో
మూడొందల ఇరవై ఏ గింజో
ఎక్కాలు రాకముందే వేళ్ళకి తెలుసు.
గింజ లావయ్యే కొద్దీ నంబరు చిన్నదవుతుందంటే
సిస్టర్ నమ్మలేదు.
"పౌనుకి ఎన్ని తూగితే అంత నంబరు, సిస్టర్."
సుద్దముక్క నా చేతికిచ్చింది.
నల్లబల్ల ముందు నా వేళ్ళు
మొదటిసారి తెల్లబడ్డాయి.

మధ్యాహ్నం గంటకి తరగతి రెండయ్యేది.
లూసియా వాళ్ళకి సత్యోపదేశం,
మాకు నీతిపాఠం,
నడుమ ఒక తడిక.
అటువైపు ప్రశ్నలకి
ఇటునుంచి నేనే ముందు జవాబు చెప్పేదాన్ని,
పైకి కాదు.

జీడిమామిడి పూతమీదుండగా
విభూది బుధవారం వచ్చింది.
కిందటేడు మట్టలు కాల్చిన బూడిద
ఇత్తడి పళ్ళెంలో.
ఫాదర్ అందరి నుదుటా సిలువ గీసి
మట్టి సంగతేదో మెల్లగా చెబుతున్నారు.
వరసలో నేనూ నిలబడ్డాను. ఎవరూ ఆపలేదు.
నా వంతు వచ్చేసరికి
నుదురు ఎత్తలేదు,
రెండు చేతులూ చాపాను.

లూసియా కిసుక్కుమంది.
ఫాదర్ వేలు గాల్లో ఆగిపోయింది.
వెనకనుంచి సిస్టర్,
"చేతులకెందుకే?"
"జీడి అంటకుండా, సిస్టర్."

ఆ సాయంత్రం మా గడపలో ఆవిడ.
అమ్మ లేవబోయింది. వద్దంది.
పీట లాక్కుని కర్ర అందుకుంది.
అమ్మ బూడిద ఇస్తే చేతులకి పూసుకుంది,
నుదుటి బూడిద అప్పటికే
చెమటకి సగం కారింది.
పదకొండు పిక్కలు కొట్టింది,
ఏడు ముక్కలయ్యాయి.
"ముక్కకి సగం ధరేనమ్మా సిస్టరమ్మా"
అంది అమ్మ, నవ్వకుండా.

తప్పయిందని ఆవిడ అనలేదు.
వచ్చే సోమవారం నా వేళ్ళు పట్టుకుంది,
వదిలి ముందుకి పోయింది.
ఆవిడ బొటనవేలి మీద నల్లమచ్చ
చాన్నాళ్ళుంది.
ఈస్టరుకి కొత్త చర్మం వచ్చింది, ఆవిడకి.

మొన్న రేషన్ డిపోలో
యంత్రం అమ్మ వేలిని నాలుగుసార్లు వద్దంది.
"గీతల్లేవు మామ్మా, ఇంకో వేలెట్టు."
పది వేళ్ళూ అయిపోయాయి.
ఇంటికొచ్చి ఎందుకో
ట్రంకుపెట్టెలో మూడో తరగతి కార్డు వెతికాను.
గణితం తొంభై ఒకటి,
తెలుగు అరవై,
నీతి: ఫరవాలేదు.
తల్లిదండ్రుల సంతకం గడిలో
గీత ఒక్కటీ లేని నల్లటి గుండ్రం,
పక్కన ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట,
వంకర ళలు రాసే ఆ చేతిరాతలోనే:
చూచితిని.