బయటి గడియారం

బోర్డు మీదున్న గడియారాన్ని ముందు పీకెయ్యాలె.
ఈ ముక్క ఎవరూ చెప్పలేదు నాకు.
బయటి క్లాకు తెచ్చి తీగ అతికించి
రెండు రాత్రులు స్పీకర్ల ఇసుక జల్లెడ పట్టినట్టు
గరగర వింటూ కూర్చున్న.
ఒక్క పనికి ఇద్దరు మేస్త్రీలు:
ఒకడు ఎత్తంటడు, ఒకడు దించంటడు,
మోసేటోడి చేతులు వణుకుతయి.

ఆఖరికి రామ్‌టెకే వచ్చి భూతద్దం పెట్టి
"అరే, జునా తసాచ్ ఆహే" అన్నడు.
పాతది అట్లనే కూసున్నది, పెసరగింజంత వెండి డబ్బా.
బాయిల మోటార్లు విప్పిన చేతులివి,
గింజ ముందట గజగజలాడినయి.
ఊడొచ్చింది. గల్లీల కరెంటు గూడ అప్పుడే పోయింది.
చీకట్ల, అరచేతిల, వేడివేడిగ ఒక గడియారం
ఎటూ నడవకుండ.

కొత్తదానికి తీగ మొదట జానెడు పెట్టిన.
టిక్కు పోయి గోడకు తాకి మల్లొస్తది,
అసలుదేదో, మల్లొచ్చిందేదో తెల్వదు.
తీగ పొడుగు గూడ టైమేనని
అరవై మూడేండ్లకు తెలిసింది.
కోసి రెండంగుళాలు చేసి
ముప్పై మూడు ఓముల రెసిస్టర్ను
గడపకాడ కావలి పెట్టినంక సద్దుమణిగింది.

రెండు క్రిస్టళ్లుంటయి ఇందుల.
సీడీ పాటలకు ఒకటి, సినిమా సౌండుకు ఒకటి.
ఒకదాని లెక్క ఇంకోదానికి శేషం లేకుండ పోదు.
బల్లార్‌పూర్‌ల మా బతుకే:
ఇంట్ల తెలుగు, రేషన్ దుకాణంల మరాఠీ.
ఒకటి లేస్తే ఒకటి పంటది.
రెండూ మేల్కొన్న రాత్రి కలలొస్తయి.

"ఇంతకూ ఏం జేస్తదిది?" అన్నది భూలక్ష్మి.
చెప్పబోతే ల్యాంపు రూమే యాదికొచ్చింది.
రాజురా నుంచి సైకిల్ మీద, విసాపూర్ నుంచి నడిచి
ఎవడి టైముకు వాడు వచ్చేటోడు.
ఒకని సైకిల్ పంచరు, ఒకని బిడ్డకు జరం,
ఒకడు అరగంట ముందే వచ్చి బీడీ ముట్టించేటోడు.
బిళ్ల ఇచ్చి, లైటు నెత్తికి కట్టుకొని
అందరం ఆడ ఆగేది.
భోంగ మోగేది.
అప్పుడు ఒక్కొక్కడే, సమానంగ, లోపలికి.
బాయి దిగినంక ఎవడు ఆలస్యంగ వచ్చిండో
బొగ్గుకు తెల్వదు.
ఇదీ అంతే. అంకెలు ఎట్లనన్న రానీ, ఆపుకుంటది,
తన భోంగకు విడుస్తది.

"మరి నువ్వు దిగిపోయి మూడేండ్లాయె,
తెల్లారగట్ల నాలుగున్నరకు ఎందుకు లేస్తవ్?
నీ లోపలిది ఎవరు పీకాలె?"
సోల్డరు పొగ కండ్లల పడ్డట్టు చేసిన.

ఇంటి కరెంటు మురికని బ్యాటరీ మీద నడిపిన.
పెట్టింది సినిమా పాట గాదు.
ల్యాంపు రూములనే రామ్‌టెకే ఫోన్‌ల పట్టిన
రెండు నిమిషాల పదకొండు సెకండ్లు:
హాలేజి ఓదేలు, టిఫిన్ డబ్బా మీద దరువు.
ఆ ఎండకాలమే పోయిండు, కామెర్లతోటి.

ఇదివరకు అంతా ఒక ముద్దలెక్క ఉండె.
ఇయ్యాల డబ్బా వేరే, మూత వేరే,
దూరంగ ఎవడో బిళ్లలు లెక్కపెడుతున్నడు.
"ఫరక్ ఆహే," అన్నడు రామ్‌టెకే తలూపి.
ఫరక్ ఉన్నదో, ఉండాలని మాకున్నదో,
ఒట్టేసి చెప్పలేను.

ఒకటి మాత్రం సాపు కాలేదు.
ఓదేలు ప్రతి నాలుగో దెబ్బ
కొంచెం ఎనకకు వేసేటోడు.
గణపతి ఊరేగింపుల అందుకే తిట్లు తినేటోడు.
సెకండుకు కోట్ల టిక్కులల్ల ఒక్కటి తప్పకుండ
కొత్త గడియారం ఆ ఆలస్యాన్ని
ఎంతున్నదో అంతే
సరిగ్గ టైముకు తెచ్చిచ్చింది.

గిన్నెలు తోముతున్న భూలక్ష్మి నల్లా బందు చేసింది.
"గా నాలుగోది ఓదేలన్నదే."
ఇంకోసారి పెట్టుమనలేదు.

రామ్‌టెకే పాత క్రిస్టల్ను అగ్గిపెట్టెల వేసి
చెవికాడ ఊపి చూసిండు.
ఉంచు, అన్నడు.
ఎందుకో చెప్పలేదు.