రాగి బిళ్ళ

నీ పొగ ముందొచ్చేది,
ఆ తరవాత నువ్వు.
కాస్ట్రీస్ కొండమీద మేకలు కాసే పిల్లాడు
వేలెత్తి చూపేసరికి
గంపలు బోర్లించి దులుపుకునేవాళ్ళం.

అమరిల్లా!
మూడు పొగగొట్టాల తెల్లదొరసానీ!
మంచునుంచి పారిపోయొచ్చి
మా ఎండని టికెట్టు పెట్టి కొనుక్కునేవాళ్ళని
ఆరొందలమందిని కడుపులో పెట్టుకుని
నీళ్ళమీద పెళ్ళివారిల్లులా వచ్చేదానివి.

నీ వేగం మీ కెప్టెనుకి తెలుసు.
నీ ఆకలి నాకు తెలుసు.

బల్ల ఎక్కు, కుమ్మరించు, బల్ల దిగు.
నెత్తిమీద నాలుగు మణుగుల బొగ్గు,
గంపకో రాగి బిళ్ళ.
రాత్రి గుమాస్తా సెయింట్ రోజ్ కిటికీ దగ్గర
బిళ్ళలిస్తే పెన్నీలు.
ఆయన రెండుసార్లు లెక్కపెట్టేవాడు,
రెండోసారి ఎప్పుడూ ఒకటి తగ్గేది.

మా దుమ్ము పడకుండా
నీ గుండ్రటి కిటికీలన్నీ మూసేసేవారు.
డెక్కుకి అడ్డంగా గుడ్డ కట్టేవారు.
గుడ్డ వెనక బాజా.
ఆ తాళం మాది కాదు, అయినా
ముందు నడిచే యూలాలీ నడుం దాన్ని పట్టేసేది,
బల్ల ఊగేది.
"ఓసి నీ దుంపతెగ, నన్ను ముంచేస్తావే!"
నవ్వితే పళ్ళలో బొగ్గు కరకరలాడేది.

అవతలి పక్క నా కొడుకు ఆన్సెల్మ్
దొన్నెలోంచి దూకేవాడు.
నీ మనుషులు వెండినాణేలు విసిరితే
నీళ్ళలో మెరుస్తూ దిగుతుంటే
అడుగు తాకకముందే అందుకుని
బుగ్గన దాచుకునేవాడు.
ఒకాయన, ఎర్రటి మెడవాడు,
చాక్లెట్ల తగరపు కాగితం చుట్టి
రాగినాణెం విసిరాడు.
ఆన్సెల్మ్ పైకొచ్చి కాగితం విప్పుతుంటే
పైన రెయిలింగు పొడుగునా నవ్వు.
వాడూ నవ్వాడు పాపం,
అది తన మీదేనని తెలియక.

వాళ్ళ నాన్న యుద్ధానికి పోయినవాడే.
తుపాకీ ఇస్తారనుకున్నాడు.
ఇటలీ రేవులో గుళ్ళ పెట్టెలు మోయించారు.
ఒక పతకం, ఒక దగ్గు పట్టుకొచ్చాడు.
దగ్గే ఎక్కువకాలం పనిచేసింది.

ఆ ఏడు నీ పొగ పలచగా వచ్చింది.
దారిలో ఇంకే రేవులోనో తినొచ్చిందనుకున్నాను,
మొగుడి చొక్కా వాసన చూసే పెళ్ళాంలా
గాలి పీల్చి చూశాను.
బొగ్గు వాసన లేదు.
తెల్లటి రంగు కొత్తగా వేసుకున్నావు,
గుడ్డ కట్టలేదు,
కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి.
నూట నలభైమంది ఆడాళ్ళం
గంపలు పట్టుకుని నిలబడే ఉన్నాం.
బల్లలు ఎవరూ దించలేదు.

నూనె తాగడం నేర్చావట.
ట్రినిడాడ్‌లో ఒక గొట్టం నోట పెట్టుకుని
రాత్రికి రాత్రి కడుపు నింపుకున్నావట,
ఒక్క మెడ కూడా నొప్పి పుట్టకుండా.

గంప ఖాళీగా నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాను.
పదిహేడేళ్ళ అలవాటు, మెడ వంగదు.
నీలోంచి దిగిన ఒకావిడ
తెల్ల గొడుగు, మోచేతిదాకా మేజోళ్ళు,
నన్ను ఆపి ఫోటో తీసుకుంది.
పక్కనున్నాయనతో ఏదో అంది.
యూలాలీకి ఇంగ్లీషు వచ్చు:
"నువ్వు రాణిలా నడుస్తున్నావంటోంది."
రాణులేం మోస్తారో
అడగాల్సింది.

గుమాస్తా కిటికీ మూతపడింది.
నా దగ్గర ఒక బిళ్ళ మిగిలిపోయింది,
ఆయన రెండోసారి లెక్కలో తగ్గనిది.
సాయంత్రం నువ్వు మూడుసార్లు కూతేసి
దీపాలన్నీ వెలిగించుకుని వెళ్ళిపోతుంటే
రేవు మెట్లమీద కూచుని
దాన్ని నీళ్ళలోకి విసిరాను.
ఆన్సెల్మ్ దూకాడు.
పైకి తెచ్చి, కొరికి చూసి,
"ఇది చెల్లదమ్మా" అన్నాడు.
తెలుసురా.
చెయ్యి చాపి తీసుకుని
మళ్ళీ విసిరాను, ఇంకాస్త దూరం.