పదహారో మేక

సింగ్‌నగర్ వంతెన దిగాక
ఎడంచేతి మూడో షెడ్డు ఏసుపాదానిది.
శనివారం సాయంత్రం గ్రైండరు గొంతు ఆగిందంటే
మా పులి-మేక మొదలైనట్టే.

పలక అతను చేసిందే.
ఏ లారీ తలుపుకో అతుకెయ్యగా మిగిలిన రేకు,
దాని మీద గ్రైండరుతో కోసిన కొండ,
కొమ్ము నుంచి జారే బాటలు, అడ్డంగా తెగే గీతలు.
మూడు నట్లు పులులు.
పదిహేను వాషర్లు మేకలు.

పదిహేనే ఉండాలి.
నాంచారయ్య మేకలు పట్టిన రోజు
పదహారవుతాయి.

ఎక్కణ్ణించి వస్తుందో తెలుసు, లుంగీ మడత.
ఎప్పుడు దిగుతుందో తెలుసు,
ఖాదర్ వలీ బీడీ ముట్టించుకోడానికి తల వంచినప్పుడు.
ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు
పైసా తేడా రాకుండా లెక్క అప్పజెప్పిన కండక్టరు
పదిహేను తర్వాత అంకె పుట్టనే లేదన్నట్టు
మొహం పెట్టుకుని కూచుంటాడు.

మొదట్లో ఓసారి అడగబోయాను.
ఏసుపాదం నా కాలు తొక్కాడు.
బయటికొచ్చాక అన్నాడు,
"మింగేది నీ పులులేగా,
ఓ మేక ఎక్కువైతే నీకేం నొప్పి?"

నాదెప్పుడూ పులుల పక్షం. ఓపిక లేనివాణ్ణి.
ఓపిక మేకలకి కావాలి.
అన్నీ దిగేదాకా ఏదీ కదలకూడదు,
పక్కది పోతున్నా చూస్తూ నిలబడాలి.
వెనక చోటు ఖాళీ పెట్టకపోతే
పులి దూకలేదు, అంతే కిటుకు.
ఖాదర్ వలీ అది నోటితో చెప్పడు, దగ్గుతాడు.
ఒక దగ్గంటే ఆలోచించుకో.
రెండంటే అయిపోయావ్.

ఆ ఆదివారం బుడమేరు ఇళ్లలోకి వచ్చింది.
తెల్లారకముందే మంచం కోళ్లు, మధ్యాహ్నానికి కిటికీలు.
నాంచారయ్య మూడు రోజులు పక్కింటి మేడ మీద.
ఖాదర్ వలీ లారీ ట్యూబు మీద మంచినీళ్ల డబ్బా తోసుకుంటూ
నాలుగు వీధులు ఈదాడని
ఎవరో చెబితే తెలిసింది.
ఎంత లోతుందిరా అంటే
ఇద్దరూ ఒకటే మాట, "ఉంది లే."

నీళ్లు తీశాక షెడ్డు తెరిచాం.
వెల్డింగు మిషను పోయింది.
ఫ్యాను రెక్కకి గుర్రపుడెక్క వేలాడుతోంది.
ఏసుపాదం ఏమీ అనకుండా పారతో ఒండ్రు లాగుతున్నాడు.
పార ఠంగుమంది.

పలక.
రేకంతా ఎర్రగా తుప్పు, గీతల్లో మాత్రం
ఒండ్రు కూరుకుని, ఆరి, తెల్లబడి.
ఇన్నేళ్లలో ఆ కొండ
అంత బాగా ఎప్పుడూ కనపళ్లేదు.

వాషర్లు డబ్బాలోనే ఉన్నాయి.
బిగిసిన మూత సుత్తితో కొట్టి తీశాం.
నాంచారయ్య పైకే లెక్కపెట్టాడు,
టిక్కెట్టు టిక్కెట్టనే గొంతుతో.
పదమూడు. పద్నాలుగు. పదిహేను.
"సరిపోయాయి."
చెయ్యి అలవాటుకొద్దీ నడుముకి పోయింది.
ఎవరో పంచిపెట్టిన కొత్త లుంగీ,
మడత ఇంకా విప్పని గంజి.
చెయ్యి ఊరికే తిరిగొచ్చింది.

బీరువా పోయింది, ఫ్రిజ్జు పోయిందని చెప్పినప్పుడు
ఆ మొహం అంత చిన్నబోలేదు.

ఆట వేశాం.
మూడు మేకల్ని మింగాను. నాలుగోది కూడా.
ఖాదర్ వలీ దగ్గలేదు.
జేబు తడిమి బీడీ తీసి
తల వంచి ముట్టించుకున్నాడు,
ఒక బీడీకి అంతసేపు పట్టదు.
ఏసుపాదం చచ్చిన మిషను వైపు చూశాడు.
నేను వంతెన మీద పోతున్న బస్సు నంబరు చదవబోయాను.

తల తిప్పేసరికి
కొండ కింద కుడి మూల
ఒకటి ఎక్కువ.
మెరుస్తోంది. తుప్పు లేదు.
మిగతావాటికంటే ఓ నూలు పెద్దది కూడా.

నాంచారయ్య దాన్ని చూశాడు,
ఆ తర్వాత ఖాదర్ వలీని.
అతను పొగ వదిలి
ఒక్కసారి దగ్గాడు.

నా నడిమి పులికి వెనక దారి మూసుకుపోయింది.
"ఇదెక్కణ్ణించి..." అని సగం అని
నా కాలు
నేనే తొక్కుకున్నాను.