ఇంకో పొర

సైదాపురం షెడ్డులో మా పెంచలమ్మ అత్త
కొడవలి మొనతో అభ్రకం చీల్చేది.
గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని,
తొడ మీద రాయి,
రాయి అంచున మొన,
మొన వెనక బిగబట్టిన ఊపిరి.
"నీ గాలి తగిల్తే రేకు లేచిపోద్ది, పక్కకి పో అబ్బయా."

మేం దాన్ని కాకి బంగారం అనేవాళ్ళం.
ఆమె సరుకు అనేది.
కిలోకింత కూలి. మచ్చ ఉంటే సగం.
ఎర్ర మరక, నల్ల చుక్క, సూది దూరేంత బొక్క
అన్నీ షెడ్డు వెనక కుప్పలోకి.
పొద్దున ఆ కుప్ప మీద ఎండ పడితే
కళ్ళు చికిలించుకుని బడికి పోయేవాళ్ళం.

అయిదో తరగతిలో ఉండగా అడిగాను:
"ఇంకా చీలుద్దా అత్తా?"
చీల్చింది.
"ఇంకా?"
చీల్చి తన బొటనవేలి మీద పరిచింది.
వేలి గీతలు కనపడ్డాయి, రేకు కనపళ్ళా.
"ఇంకా?"
కొడవలి పక్కన పెట్టింది.
"ఇంక నా చేత కాదు.
లోపల ఉండేది మాత్రం ఉండాది."

ఆ రేకు నాకే ఇచ్చింది. లెక్కల పుస్తకంలో దాచుకున్నా.

ఇప్పుడు గూడూరు కాలేజీలో
ఫిజిక్స్ ల్యాబు తాళాలు నా దగ్గరుంటాయి.
డిగ్రీ రెండో ఏడు దగ్గర చదువాగింది, అది వేరే కథ.
కటకాలు తుడుస్తాను,
స్క్రూగేజీలో సున్నా దోషం ఎంతో
పిల్లలకి చాటుగా చెబుతాను.
ఒక మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు
అత్త రేకుని ఆ దవడల మధ్య పెట్టా.
రెండు గీతలు. అంతే.

మస్తానయ్య సారు బోర్డు మీద లెక్క కట్టాడు:
ఇందులో ఇంకా ఇరవై వేల పొరలు.
అత్త ఆగిన చోట ఇరవై వేలు!
పొరలో పరమాణువు, దాని గుండెలో కేంద్రకం,
అందులో ప్రోటాను, ప్రోటానులో క్వార్కులు,
"క్వార్కులో సార్?"
సుద్దముక్క పక్కన పెట్టాడు
అచ్చం కొడవలి పెట్టినట్టే.

సారుకో పిచ్చి ఉంది.
శనివారం సాయంత్రాలు
రేకుల్ని ముక్కు మండే ఆసిడ్‌లో ముంచి
మైక్రోస్కోపు కింద పెడతాడు.
నూరు కోట్ల ఏళ్ళకు పైగా
మన కాళ్ళ కింద చీకట్లో పడుకున్న రాయి ఇది,
లోకమంతా నిండి ఉండి కంటికి ఆనని పదార్థం
ఒక్కసారైనా దీనికి డీ కొట్టి ఉంటే
గీత పడి ఉంటుందట.
యురేనియం గీతలు తెలిసినవే, వాటిని తీసేయాలి.
తెలియని గీత ఒక్కటి కావాలి.
అందుకే సారుకీ మచ్చలేని సరుకే కావాలి,
షావుకారు అమ్మడానికి అడిగింది
ఈయన మచ్చ వెతకడానికి అడుగుతాడు.

నోటుబుక్కు నిండా ఒకటే మాట: లేదు.
లేదు. లేదు. తేదీ, సంతకం. లేదు.
మూడేళ్ళకి నాలుగొందల పన్నెండు.
"ఏం మిగిలింది సార్?" అన్నా.
"ఇంతకంటే బరువైతే దొరికేది, దొరకలా.
మనిషి కనపళ్ళేదు గాని
చొక్కా కొలత తెలుస్తా ఉంది" అన్నాడు.

షెడ్డు మూతపడి చాన్నాళ్ళయింది.
రేషన్ షాపు మిషన్ అత్త వేలిని గుర్తుపట్టదు.
తుడిచి పెట్టినా, నిమ్మకాయ రుద్దినా,
పది వేళ్ళూ తిప్పి తిప్పి పెట్టినా.
నలభై ఏళ్ళ రాయి
ఆ గీతలన్నీ పొరలు పొరలుగా తీసుకుపోయింది.

పోయిన శనివారం ఆమెని ల్యాబుకి తీసుకొచ్చా.
సారు లేచి స్టూలు జరిపాడు.
"ఇది కాళిచేడు రాయి" అంది రేకు చూడగానే,
ఎట్టా తెలుసని సారు అడిగితే
చెప్పడం రాలేదు ఆమెకి.
కొంగుతో కన్ను తుడుచుకుని
మైక్రోస్కోపు మీదికి వంగింది.
బయట చెన్నై బండి కూత పెట్టి పోయింది.
పిల్లలు సైకిళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు.
ఆమె ఊపిరి బిగబట్టే ఉంది, పాత అలవాటు.

"ఏమన్నా కనపడతా ఉందా అత్తా?"

"ఏం లేదబ్బయా."

కాసేపటికి, తల ఎత్తకుండానే:
"ఉండు. ఇంకొంచెం తిప్పు."