రెండు వందల పదకొండో పేజీ

మూడు రోజులైంది పుస్తకం తెరవక.
తెరిస్తే సాయవ్వ చచ్చిపోతదేమోనని.
రెండు వందల పదకొండో పేజీ కాడ
ఆమె పుట్టి మూసీ నడుమ ఉన్నది,
ఒడ్డున మొగలుల దివిటీలు,
నూకల మూట చాటున నాలుగేండ్ల పిల్ల.
పేజీ తిప్పనంత సేపు
తెడ్డు ఆమె చేతిలనే ఉంటది.

ముహర్రఖ్‌ల, సూక్ వెనక సందుల
మా ఇస్త్రీ దుకాణం.
దినానికి నూటా ఇరవై తోబులు, ఎండకాలమైతే ఇంకా ఎక్కువ.
ఆవిరి లేస్తే ఏటి మీద మంచు అనుకుంట.
కాలరు మడత విప్పుకుంట
ఆ పిల్లకు దగ్గు రాకుంటే బాగుండు అనుకుంట.
నిన్న ఎవరిదో కఫ్ మాడ్చిన.
సేఠ్ రెండు దీనార్లు కోసిండు.
ఎనిమిది నెలల ముట్టడి, కోటల గుర్రాలకు గడ్డి లేదు,
రెండు దీనార్లకు ఏడ్వ బుద్ధి కాలేదు.

బడిల ఉన్నప్పుడు
ఆ ముట్టడి సాలు తప్పు రాస్తే
చింతబరికెతోని కొట్టిండు సారు.
ఆ సాలు ఇప్పటికీ సరిగ్గ చెప్పలేను.
ఆ రాత్రి ఎంత చలి ఉండెనో అడుగు, చెప్త.

అట్ట లేదు పుస్తకానికి. పేరు లేదు.
రాసింది అయ్యనో అమ్మనో తెల్వదు.
దమ్మామ్ నుంచి ట్రైలర్ తోలే ఓద్నాల భూమేశ్
సీటు కింద దొరికిందని ఇచ్చిండు.
మా రూముల ఏడు మంచాలు తిరిగినంక నాకొచ్చింది.
నూటా నాలుగో పేజీ మీద పప్పుచారు నూకరాజుది.
"ఏడుపు పుస్తకాలు మనకెందుకండీ, ఇక్కడ చాలట్లేదా?" అన్నోడే
రాత్రి రెండింటికి
"లైటు ఆపకండి, ఒక్క పేజీ" అని బతిమాలిండు.
సాయవ్వ మొగడు మందుగుండు కొట్టుల కాలిపోయిన తావున
అక్షరాలు ఉబ్బి ఉన్నయి.
ఎవరిదో ఎవరూ ఒప్పుకోరు.
షంషొద్దీన్‌ది. నేను చూసిన.
వాళ్ల నాయన పోయిండని ఫోన్ వచ్చిన రాత్రి
ఎనిమిది మందికి లెక్క తప్పకుండ రొట్టెలు చేసినోడు,
మూడొందల ఏండ్ల కింద పోయినోని కోసం
దుప్పటి ముసుగుల వెక్కిండు.

పొద్దున హాజీ జుమా వచ్చిండు తోబు కోసం.
బల్ల మీద ప్లాస్టిక్ కవర్ల పుస్తకం చూసి
ఏందది అన్నడు.
నాకొచ్చిన అరబ్బీ ఎంత?
ఆడిది. పడవ. నీళ్లు. రాత్రి. సిపాయిలు. పిల్ల.
ఆరు మాటలు. ఆరింటికే
ముసలాయన కుర్చీ లాక్కొని కూసున్నడు.
"మా తాత ముత్యాలకు మునిగేటోడు.
ముక్కుకు చిమటా, కాలికి రాయి.
ఒకనాడు తాడు ఒక్కటే పైకొచ్చింది.
పైన తాడు పట్టినాయన
చచ్చేదాక అరచేతులు ఎవరికీ చూపలేదంట."
ఎవరి సలాముకైనా పిడికిలే ఎత్తేటోడంట.
తోబు తీసుకున్నడు, పైసలిచ్చిండు,
గడప కాడ నిలబడి అడిగిండు:
"పిల్ల బతికిందా?"
ఇంకా చదవలే అన్న.
"చదువు. గురువారం వస్త."

ఇగ తప్పదు.
షట్టర్ సగం దించిన.
తిప్పబోతే ఆకు రాలేదు,
రెండాకులు ఒక్కటై ఉన్నయి.
చెమట అనుకున్న. చారు అనుకున్న.
వేలు పెట్టి చూస్తే గరుకు.
అన్నం మెతుకులు. నలిపి, అంచుల పొంటి
శ్రద్ధగ అంటించిండు ఎవడో,
నాకంటె ముందే ఏటి కాడ ఆగినోడు,
ఆమెను అవుతలి ఒడ్డుకు పోనియ్యనోడు.

ఎవరని అడగను.
ఇస్త్రీ పెట్టె సన్నవేడికి తిప్పిన,
జానెడు దూరంల పట్టిన,
జరీ అంచుకు పట్టినట్టు.
ఆవిరి వట్టింది. కొస మెల్లగ లేచింది.
ముందు తెల్లటి మెతుకు ఒకటి,
దాని కింద
'తెడ్డు' అన్న మాట.